కొత్తగుల్లపేటలో మాకు కరెంటు దొరికింది

మా నాన్న చోడవరం దగ్గర బెల్లం పొయ్యి కాడ పనిచేస్తాడు. పైన పెనంలో చెరుకు రసం కుతకుతా ఉడుకుతుంటే కింద ఎండిన పిప్పి ఎగదోసే పని. ఆయన కూతురు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పాసైంది! ఆ కూతుర్ని నేనే. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని. ఈ ముక్క బస్సు కండక్టరుకి చెప్పాను, లాడ్జీ ఆయనకి చెప్పాను, పలాస స్టేషన్లో పక్కన కూచున్న ముసలమ్మకి రెండుసార్లు చెప్పాను. మీకొక్కరికే చెప్పకపోతే బాగోదు.

ఉద్యోగం కూడా వచ్చింది. విశాఖపట్నంలో కరెంటు పొదుపు పనులు చేసే చిన్న సంస్థ. అది విని మా అమ్మ ఒకటే నవ్వు. "కరెంటు సదువు సదివి, కరెంటు వాడొద్దని సెప్పే ఉద్యోగమేటే?" నాన్న మాత్రం నవ్వలేదు. "మంట ఎక్కువేసినోడు పనోడు కాదు. రసం ఉడికించి పిప్పి మిగిల్చినోడు పనోడు," అన్నాడు. పోనీ మా ఇంట్లో ఒకరికైనా నా ఉద్యోగం అర్థమైందనుకుని, రేకు పెట్టె నిండా సామాను సర్దుకుని బయల్దేరాను. కొత్తగుల్లపేటే నా మొదటి పని, ఆ ఊరుండే ఉద్దానం చూడ్డం కూడా అదే మొదలు. తిరిగొచ్చి నాలుగు రోజులైంది, నోరు ఊరుకోవడం లేదు. చివర్న చెప్పాల్సిన మాట ముందే జారిపోతుందేమోనని పెదాలు బిగబట్టి రాస్తున్నాను.

టెక్కలి: కరెంటు ముందు పుట్టాల

బస్సులో నా పెట్టె చూసి కండక్టరు, "ఏటమ్మా ఇది, ఇనపకొట్టా?" అని లగేజీ టిక్కెట్టు కొట్టాడు. పెట్టెలో ఓల్టు మీటరు, మోటార్లకి తగిలించే కెపాసిటర్లు, అట్టల మధ్య కొత్త సీఎఫ్ఎల్ బల్బులు. టెక్కలిలో దిగి రోడ్డు పక్క హోటల్లో భోజనం చేశాను. పదిహేను రూపాయలకి అన్నం కడుపునిండా. పనసకాయ కూర వేశారు. మా వైపు పనసపొట్టు ఆవపెట్టి పెళ్లిళ్లలో వండుతారు. ఇక్కడ మామూలు బుధవారం నాడు, మాంసంలా ముక్కలు కోసి, మసాలా దట్టించి, అడక్కుండానే రెండోసారి వేస్తారు. పెళ్లి లేకుండా పెళ్లి కూర తిన్నాను.

కరెంటాఫీసులో ఏఈ గారు పెద్ద వయసు మనిషి. ఎండన పడి వచ్చానని ఫ్యాను నా వైపు తిప్పి సంగతి చెప్పారు. కొత్తగుల్లపేటలో మంచినీళ్ల ట్యాంకు కట్టి మూడేళ్లయింది. ఊరికి దూరంగా మంచి నీరు పడిన చోట బోరు వేశారు, పైపులు పరిచారు, వీధివీధికీ కొళాయిలు పెట్టారు. ఒక్క బిందెడు నీళ్లు ట్యాంకెక్కలేదు. ఊరందరికీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. కొబ్బరి తోటల మోటార్లన్నీ లాగేస్తుంటే ట్యాంకు మోటారుకి ఓల్టేజి చాలదు. మూలిగి ఆగిపోతుంది.

"కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడొస్తుంది సార్?" అన్నాను.

"సబ్‌స్టేషను పెంచితే."

"అదెప్పుడు సార్?"

"పైనుంచి కరెంటు ఎక్కువిస్తే."

"అదెప్పుడిస్తారు?"

"ఎక్కడో ఓ కొత్త కరెంటు ఫ్యాక్టరీ కడితే. ముందు కరెంటు పుట్టాల కదమ్మా! పుట్టందే నేనెక్కడ్నుంచి తేను?" అని ఆయనే నవ్వారు. తరవాత నవ్వు ఆపి, తిరగని మోటారు ఎందుకని, విప్పి ఇంకో ఊరికి ఇచ్చెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చిందని చెప్పారు. "సోమవారం మనుషుల్ని తీసుకుని వస్తాను. ఆ రోజు మోటారు తిరిగిందా, నేనే కాయితం రాసి ఆపుతాను. తిరగలేదా, విప్పేస్తాం. నీ పొదుపు ఏటో సూద్దాం."

బుధవారం నుంచి సోమవారం. నా ధైర్యం అంతా పెట్టెలో ఉన్నట్టు దాన్ని గట్టిగా పట్టుకుని పలాస బస్సెక్కాను.

పలాస: వాచిన మూతి

పలాస, కాశీబుగ్గ పక్కపక్క ఊళ్లు. ఏది ఎక్కడ అయిపోయిందో నాకిప్పటికీ తెలీదు. అక్కడి గాలి వాసనే వేరు, కమ్మగా, ఘాటుగా, జీడిగింజలు వేగే వాసన. మా సంస్థ ఇదివరకు పనిచేసిన ఓ జీడి ఫ్యాక్టరీ చూసి రమ్మన్నారు. చూశాను. గింజ కొట్టి పప్పు తీశాక మిగిలిన తొక్కనే బాయిలరు కింద మండిస్తున్నారు. కట్టెల లారీ మానేశారట. అచ్చం మా నాన్న చెరుకు పిప్పిలాగే! పప్పు ఒలిచే షెడ్డులో పగలు ఒక్క బల్బు లేదు. కప్పులో అక్కడక్కడ రేకు తీసి గాజు పలక పెట్టారు. ఎండ నేరుగా ఆడవాళ్ల ఒళ్లోకి దిగుతోంది.

ఇంత మంచి చోట నేను చేసిన పని చూడండి. గుట్టలోంచి ఓ పచ్చి జీడిగింజ తీసి, వేరుశనక్కాయలా పళ్లతో కొరికాను.

"ఓలమ్మో! ఉమ్మీ! ఉమ్మీయే గుంటా!" పక్కనున్న ఆవిడ నా వీపు మీద ఒక్కటేసింది. ఆ తొక్కలో సొన ఉంటుంది, తగిలితే ఒళ్లు కాలిపోతుంది. నాకు తెలీదు. కొబ్బరినూనె రాసి, "ఏటి సదివావే?" అంది.

"ఇంజినీరింగండి."

"అందుకే," అంది ఆవిడ. షెడ్డంతా నవ్వులు.

తెల్లారేసరికి కింది పెదవి బూరెలా పొంగింది. ఆ మూతితోనే ఉద్దానం వెళ్లాను.

కొత్తగుల్లపేట: నీళ్లివ్వని ఊరు

పలాస దాటి సముద్రం వైపు పోతుంటే ఇక ఎండ కనబడదు. కొబ్బరి, కొబ్బరి కింద జీడి, మధ్యలో పనస, మునగ. మా వైపు చెరుకు చేల మధ్య నడిస్తే మాడు కాలుతుంది. ఇక్కడ మధ్యాహ్నం పూట రోడ్డు మీద నీడలు ఊగుతుంటాయి. తోటలో ఇల్లా, ఇంట్లో తోటా అనిపిస్తుంది.

నేను దిగిన ఇల్లు నారాయణమ్మ గారిది. గుమ్మంలో కాలు పెట్టానో లేదో బొండాం కొట్టి చేతికిచ్చింది. పక్కింటికెళ్తే బొండాం. సర్పంచి గారింటికెళ్తే బొండాం. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి ముందు చెంబుతో మంచినీళ్లిస్తాం. వీళ్లు బొండాలిస్తున్నారు, ఏం మర్యాద, ఏం భోగం అని మురిసిపోయాను. సాయంత్రం దాహమేసి, "అక్కా, కొంచెం నీళ్లివ్వరా?" అన్నాను.

నారాయణమ్మ కత్తి తీసి ఇంకో బొండాం కొట్టింది. "మా నీళ్లు మేం తాగుతాం గానీ వచ్చినోళ్లకి ఇవ్వమమ్మా," అంది.

అరుగు మీద ఆమె పెనిమిటి లోకనాథం గారు కూచున్నారు. నలభై దాటినట్టు లేరు, ముసలాయనలా అయిపోయారు. కిడ్నీ జబ్బు. ఆ ఊళ్లో అలాంటి అరుగులు చాలా ఉన్నాయి.

"నీళ్ల వల్లేనా అక్కా?" అన్నాను.

"డాక్టర్లే తేల్చి సెప్పనేదు. ఆళ్లు తేల్చేదాకా తాగకుండా ఉండలేం కదా! అందుకని రెండు మైళ్లెల్లి వేరే ఊరి నీళ్లు తెచ్చి ఈయనికి పోత్తన్నాను."

పెనిమిటి సైకిలు వెనక కారేజీకి రెండు పక్కలా ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని, పొద్దునా సాయంత్రం తనే తొక్కుకెళ్తుంది. పెళ్లయ్యాక, ఈ నీళ్ల కోసమే సైకిలు నేర్చిందట. ఇంటి ముందే కొళాయి ఉంది. దానికి దూడని కట్టేసింది. "కొళాయికి ఏదో ఓ పనుండాల కదా," అంది.

సోమవారం ఆ మోటారు విప్పేస్తే ఆ సైకిలు ఇక ఆగదు.

సంధ్య దీపం

ఆ సాయంత్రమే రచ్చబండ దగ్గర పదిమందినీ పిలిచాను. మీటరు పెట్టి చూపించాను. నాలుగొందల పదిహేను ఓల్టులు ఉండాల్సిన చోట మూడొందలు కూడా లేవు. కారణం అక్కడే ఉంది. తోటల మోటార్లన్నిటికీ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలైపోయే డబ్బా అది. కరెంటు వచ్చిన క్షణంలో మోటార్లన్నీ ఒకేసారి ఎగబడతాయి. సినిమా హాల్లో ఒకే తలుపులోంచి అందరూ ఒకేసారి దూరినట్టు.

"ఆటో తీసేసి వంతులేసుకుంటే చాలు," అన్నాను.

"నేనాపితే పక్కోడాపుతాడేటి?" అన్నాడు పెద్ద తోట రైతు దుర్యోధన. ఆ ఊళ్లో దుర్యోధన అన్న పేరు ముద్దుగానే పెట్టుకుంటారు. అందరూ "దుర్యోధన బావ" అనే పిలుస్తారు. ఊళ్లోకెల్లా పెద్ద మోటారు, పెద్ద మీసం రెండూ ఆయనవే. "అమ్మా, మూతి వాసిన ఇంజినీరమ్మా! కరెంటు తెత్తావని సెప్పేరు. తేకుండా ఉన్నది ఆపమంటావేటి?"

అందరూ నవ్వారు. నాకు కంగారొచ్చింది. ఎదురుగా ఇళ్లన్నిటికీ పెద్ద పెద్ద బల్బులు పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. చెయ్యి చూపించి, "కనీసం ఆ లైట్లు ఇప్పుడే ఆర్పేయండి, తేడా మీకే చూపిస్తాను!" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. దుర్యోధన తల్లి జానకమ్మ గారు అరుగు దిగి వచ్చారు. "ఏటన్నావే? దీపాల ఏళ, ఇళ్లల్లోకి లచ్చిందేవి వచ్చే ఏళ, దీపాలు ఆర్పమంటావా? నీకు అమ్మ నేదా, సెప్పినోలు నేరా?"

మా ఇంట్లోనూ అంతే! ఆ వేళప్పుడు దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. నాలుగేళ్లు పుస్తకాలు చదివి ఆ ఒక్కటీ మర్చిపోయాను. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. రచ్చబండ మీద నేనూ, నా మీటరూ మిగిలాం.

దింపు వరస

మర్నాడు ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నారాయణమ్మ తోటలో ఆ రోజు దింపు. అంటే చెట్లెక్కి కాయలు దించే రోజు. రాగిజావ లాంటి చోడంబలి తాగి నేనూ వెళ్లాను. దింపే మనుషులు కాళ్లకి తాడు బంధం వేసుకుని చెట్ల మీదకి పాక్కుంటూ పోతున్నారు. పైనుంచి ధబాధబా కాయలు. రోడ్డు మీద వ్యాపారి లారీ. దుర్యోధన కూడా ఉన్నాడు, తువ్వాలు భుజానేసుకుని, తొందరేం లేనట్టు చుట్ట కాలుస్తూ.

"అక్కా, పెద్ద తోట ఆయనది కదా, ముందు ఆయనది దింపరా?" అన్నాను.

"తప్పమ్మా! సిన్న తోట ముందు, పెద్ద తోట ఆకర్న. మా మావలనాటి కట్టుబాటు. లారీ నిండిపోయినా పెద్దోడు రెండ్రోజులు ఆగ్గలడు, మాలాటోళ్లం ఆగలేం కదా."

"మరి నీళ్లకి ఆ వరస లేదేం?"

నారాయణమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని నిలబడింది. "మా మావలనాడు మోటార్లు నేవు కదే," అంది.

అంతే! వీళ్లకి నేను నేర్పాల్సింది ఏమీ లేదు. వరస ఉంది, మోటార్లే ఆ వరసలో లేవు. తోటలోంచి తిన్నగా జానకమ్మ గారింటికి పరిగెత్తాను.

దీపాల వేళ దాకా అక్కడే కూచుని తప్పు ఒప్పుకున్నాను. తరవాత, "మామ్మా, ఆర్పను. ముందు వెలిగిస్తాను," అని పక్క హోల్డరులో కొత్త సీఎఫ్ఎల్ బల్బు పెట్టి, స్విచ్చి ఆవిడ చేతే వేయించాను. తెల్లటి వెలుగు గదంతా పరుచుకుంది. ఆవిడ దానికి దణ్ణం పెట్టుకున్నారు. ఆ తరవాతే పాత బల్బుని ఆవిడే కొండెక్కించారు. "దీపం తీసి దీపం పెట్టడం తప్పు కాదు," అని ఆవిడే తీర్పిచ్చారు. అప్పుడు మీటరు చూపించి, పాతదానికి ఐదో వంతు కరెంటుతో అంతే వెలుగని చెప్పాను. దింపు వరస సంగతీ చెప్పాను.

జానకమ్మ గారు కొడుకుని పిలిచారు. "ఒరే, దింపుకి ఆకర్నుండి మీసం తిప్పుతావు. నీళ్ల కాడ ఆ మీసం ఏటైపోతాది రా?"

దుర్యోధన చుట్ట నోట్లోంచి తీశాడు. "ఆకర్న నాకు కరెంటు మిగల్నేదనుకో, నా తోట ఎండిపోద్దే!"

అదీ న్యాయమే. కరెంటు ఇచ్చేదే కొన్ని గంటలు. అందుకని మర్నాడు ఆయన బావిలోనే పని మొదలెట్టాం. పైకి లాగితే ఏముంది? సన్నటి తుప్పు పైపు. దాని చివర ఫుట్‌వాల్వు, అంటే నీళ్లు లోపలికి తీసుకునే జల్లెడ, నాచుతో సగం పూడిపోయింది. మోటారు సగం బలం నీళ్లకి, సగం బలం ఆ తుప్పుకి పోతోంది. పలాస నుంచి తెప్పించిన వెడల్పు ప్లాస్టిక్ పైపు, కొత్త ఫుట్‌వాల్వు వేసి, తక్కువ కరెంటు లాగేలా మోటారుకి కెపాసిటరు తగిలించి, ఆ వేళకి మిగతా మోటార్లు ఆపమని బతిమాలాను. దుర్యోధన గడియారం చూడడు. చుట్ట వెలిగించి తొట్టి ముందు కూచున్నాడు. ఎప్పుడూ తొట్టి నిండేసరికి రెండు చుట్టలు అయ్యేవట. ఆ రోజు మొదటి చుట్ట సగంలో ఉండగానే తొట్టి పొంగి ఆయన పంచె తడిసింది.

"ఓరి నీ అమ్మ కడుపు మాడ!" అన్నాడు తొట్టిని. లేచి, ఆటో స్టార్టరు డబ్బాని తనే గోడ మీంచి పీకేశాడు. సాయంత్రానికి ఊళ్లో ఒక్క ఆటో లేదు. ఆదివారం నాడు క్రైస్తవుల పేట వాళ్లు ప్రార్థన ముగించి వచ్చి మరీ పైపులు మార్చే పని పట్టారు. రాత్రికి అందరికీ పచ్చి జీడిపప్పు వేసిన కోడికూర! నా మూతి వాపు తగ్గినందుకు ఆ దేవుడికీ ఈ దేవుడికీ దణ్ణం పెట్టి మూడుసార్లు వేయించుకున్నాను.

సోమవారం

ఏఈ గారు మోటారు విప్పడానికి ఇద్దరు మనుషుల్ని, పానాల్ని, ఓ ఎడ్లబండిని కూడా వెంటపెట్టుకుని బోరు దగ్గరికి వచ్చారు. ఆ బండిని చూడగానే నారాయణమ్మ మొహం పాలిపోయింది.

కరెంటొచ్చింది. ఎప్పుడూ ఆ క్షణంలో తోటలన్నీ ఒకేసారి హోరెత్తేవి. ఆ రోజు ఏమీ లేదు. నిశ్శబ్దం. కొబ్బరాకుల చప్పుడు, దూరంగా సముద్రం. తరవాత నారాయణమ్మ చిన్న మోటారు ఒక్కటే, వరసలో మొదటిది, డుగుడుగుమని మొదలైంది. మీటరు ముల్లు నాలుగొందల దగ్గర నిలబడింది. నేను ట్యాంకు మోటారు బటను నొక్కాను.

మూలిగింది. ఇంకోసారి మూలిగి, ఒక్కసారి అందుకుంది. గుయ్యిమని తిరిగింది!

తిరుగుతోంది సరే, నీళ్లేవి? పైపు మీద చెవి పెట్టి వింటున్నాం. ఏఈ గారు ట్యాంకు వైపు చూస్తూ, "ఎక్కడం లేదేమోనమ్మా," అన్నారు.

అప్పుడు లేచాయి పావురాలు! మూడేళ్లుగా ఆ ఎండిన ట్యాంకులో కాపరమున్న పావురాలన్నీ పై కంతలోంచి టపటపా ఎగిరాయి. "కాళ్లు తడిసేయిరోయ్!" అని ఎవరో అరిచారు. ఊరంతా ఒకటే కేక.

ఆ కేక పూర్తవలేదు, ఊళ్లోంచి ఇంకో కేక. కొళాయిలు! నీళ్లు ఎప్పుడూ రాలేదు కాబట్టి అన్నీ తిప్పేసే ఉన్నాయి. మూడేళ్లలో ఎవరూ కట్టాలనుకోలేదు. ట్యాంకులోకి పడిన నీళ్లు పడినట్టే వీధుల్లోకి దూకుతున్నాయి. ఒక కొళాయి కింద వడియాలు, ఒక కొళాయి కింద ఎండుచేపలు. నారాయణమ్మ దూడ నెత్తిన ధారపడి, తాడు తెంపుకుని వీధంతా గెంతింది. ఇంజినీర్ని నాకు తట్టాలి కదా! తట్టలేదు. అందరం పరిగెత్తి కొళాయిలు కట్టాం, తడిసి ముద్దయిపోయాం.

ఆ నీళ్లతో ట్యాంకు కడిగి, పావురాల గూళ్లు తీసి, మందు చల్లి, మళ్లీ నింపారు. పొద్దు వాలేసరికి చిన్న తోటల వంతులన్నీ అయిపోయి ఆఖర్న దుర్యోధన మోటారు మొదలైంది. ఇంకా కరెంటు మిగిలే ఉంది. మీసం తిప్పుకుంటూ మా దగ్గరికొచ్చాడు.

"ఏం దుర్యోధనా, ఈ కొత్త కరెంటు ఎక్కడ పుట్టిందయ్యా?" అన్నారు ఏఈ గారు.

"కొత్తదేటి బాబూ, మాదే. ఇన్నాళ్లూ పారబోసుకున్నాం."

ఏఈ గారు బండి మీదే కాయితం పెట్టి, మోటారు ఇక్కడే ఉంటుందని రాసేశారు. పానాలు పెట్టెలోంచి బయటికి కూడా రాలేదు. ఎడ్లబండి ఖాళీగా ఎందుకెళ్లాలని బొండాలు నింపి పంపారు.

కారేజీ మీద

మర్నాడు నా ప్రయాణం. జానకమ్మ గారింటికి చెప్పడానికెళ్తే ఆవిడ కొబ్బరి బొండాం కొట్టలేదు. కొళాయి తిప్పి, చెంబు నింపి, రెండు చేతులా పట్టుకుని తెచ్చిచ్చారు. "ఇంటికొచ్చిన మనిషికి నీల్లిచ్చి ఎన్నాళ్లయిందో. తాగవే," అన్నారు. నిలబడి, చెంబు ఎత్తి, చివరి చుక్క దాకా తాగాను. బొండాం కంటే చప్పగా ఉన్నాయి. నాకు కళ్లమ్మట నీళ్లు.

లోకనాథం గారికి జబ్బు తగ్గిపోయిందని నేను రాయలేను. అరుగు మీద కూచుని, తనింటి కొళాయి నీళ్లు తాగుతూ చెయ్యి ఊపారు. అది రాయగలను.

బస్సు రోడ్డు దాకా నా రేకు పెట్టె ఎవరు మోస్తారని చూస్తుంటే నారాయణమ్మ సైకిలు తీసింది. బిందెల తాళ్లు విప్పేసి ఉన్నాయి. పెట్టె ముందు హ్యాండిలుకి కట్టి, "ఎక్కవే," అంది. ఇన్నేళ్లూ నీళ్లెక్కిన కారేజీ మీద నేనెక్కాను.

కొబ్బరి నీడల్లో సైకిలు పోతోంది. "అక్కా, బరువున్నానా?" అన్నాను.

"నీళ్లకంటే నువ్వే నయం," అంది నారాయణమ్మ రొప్పుతూనే నవ్వుతూ. "నిన్ను మళ్లీ సాయంత్రం మొయ్యక్కర్నేదు."